రెండు బజార్ల పాలిష్ మిషను

పల్నాడులో అడుగుపెట్టిన కొత్తలో నన్ను ఒక ఊళ్ళో సేల్స్‌టాక్స్ వాణ్ణనుకున్నారు. ఇంకో ఊళ్ళో కరెంటు దొంగతనాలు పట్టేవాణ్ణనుకున్నారు. గురజాల దారిలో ఒక సున్నపుబట్టీ యజమాని నా చేతిలో ఫైలు చూసి, కూలీల్ని చెట్ల చాటుకు పంపేసి, తను పక్క పొలం రైతునని, బట్టీ ఎవరిదో తనకు తెలియదని చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆయన మీసాల మీద సున్నం తెల్లగా కనిపిస్తూనే ఉంది.

చిన్న చిన్న పనులు చేసుకునేవాళ్ళ చేత కొత్త మిషన్లు పెట్టించడం, కొత్త వ్యాపారాల్లోకి దింపడం నా ఉద్యోగం. ఆ మాట చెబితే ఎవరూ నమ్మేవారు కాదు. గవర్నమెంటు మనిషి ఎవరూ పిలవకుండా ఇంటికొచ్చి సాయం చేస్తానంటే, అంతకంటే అనుమానించాల్సిన సంగతి ఏముంటుంది? ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ళ తప్పేమీ కనిపించదు.

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు మా ఇంటికొచ్చి, "మీ రోజుల్లో జనాన్ని ఎలా ఒప్పించేవారు సార్?" అని అడిగారు. కాఫీ ఇచ్చి, ఓపిక ఉండాలని, మంచిగా మాట్లాడాలని ఏవో పొడి మాటలు చెప్పి పంపేశాను. వాళ్ళకు చెప్పకుండా దాటేసిన సంగతి ఇది.

ఎనభైల్లో మాట. తాలూకాలు పోయి మండలాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. నరసరావుపేటలో మా ఆఫీసు రెండు గదులు. ఒక గదిలో నేను, ఇంకో గదిలో నా పై ఆఫీసరు. నాకంటే పదేళ్ళు పెద్ద. మెత్తగా మాట్లాడేవాడు. సోమవారం ఉపవాసం, నుదుట విభూది, కోటప్పకొండ తిరణాలకు సెలవు పెట్టకుండా ఏ ఏడూ ఉండేవాడు కాదు. ఉద్యోగంలో నాకు తెలిసినదంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఊళ్ళోకి వెళ్తే ముందు ఎవరింటికి వెళ్ళకూడదో, ఎవరు పెట్టింది తినకపోతే కోపం వస్తుందో ఆయనే చెప్పేవాడు. మధ్యాహ్నం ఆయన క్యారేజీలో గోంగూర పచ్చడి సగం నాకు తీసిపెట్టేవాడు. "మనం అమ్మేది మిషన్లు కాదోయ్, ధైర్యం" అనేవాడు. ఆ మాట చాలా ఏళ్ళు నా సొంత మాటలాగా నేను కూడా వాడుకున్నాను.

అప్పట్లో మా పల్నాటి నాపరాయిని కూలీలు గడ్డపారలతో, ఉలులతో పొరలు పొరలుగా లేపి, గరుకు గరుకుగానే లారీలకు ఎత్తేవారు. పట్నాల్లో కొత్త ఇళ్ళు లేస్తున్నాయి, నున్నటి బండల గచ్చు కావాలంటున్నారు. మన రాయి ఎక్కడికో పోయి, కోత కోయించుకుని, పాలిష్ పట్టించుకుని, వేరే ఊరి పేరుతో మళ్ళీ మన గుంటూరుకే వచ్చేది. ఆ పాలిష్ ఇక్కడే పట్టిస్తే ఎలా ఉంటుందని నాకో ఆలోచన వచ్చింది. అలా తిరుగుతుండగా నడికుడి స్టేషనుకు కొంత దూరంలో ఉన్న ఒక ఊరు నా కంటపడింది.

ఊరి పొలిమేరలో ఒక తిప్ప. తిప్ప నిండా రాయి, పొర తీస్తే అద్దంలాగా సమంగా లేచే రాయి. దాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదు. తిప్పలో సగం తూర్పు వీధి, అక్కడి మాటలో తూర్పు బజారు, వాళ్ళ పట్టా, సగం పడమర బజారు వాళ్ళది, హద్దు ఎక్కడన్నది మాత్రం గురజాల కోర్టులో ఉంది. ఒకళ్ళు గడ్డపార వేస్తే రెండోవాళ్ళు కర్రలతో వచ్చేవాళ్ళు. నేను వెళ్ళే నాటికి తూర్పు బజారు పెద్దాయన తమ్ముడు హత్యకు గురై కొన్నేళ్ళయింది. పడమర బజారు వాళ్ళు ఇద్దరు ఆ కేసులో జైల్లో ఉన్నారు. పడమర బజారును నడిపించే ఆసామి మేనల్లుడికి ఒక చెయ్యి లేదు. అది ఎలా పోయిందో ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు.

తూర్పు పెద్దాయన పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. ఏ మాటకైనా జవాబు చెప్పే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునేవాడు. పడమర ఆసామి లావు మనిషి, నవ్వు ముఖం. నవ్వుతూ నవ్వుతూనే మన పుట్టుపూర్వోత్తరాలన్నీ లాగేసేవాడు. తూర్పు బజారులో నేను మజ్జిగ తాగితే, పడమర బజారుకు చేరేసరికి అక్కడివాళ్ళకు తెలిసిపోయి ఉండేది.

"ఆయన నిన్ను ఎందుకు పంపాడు?" అని తూర్పు పెద్దాయన అడిగేవాడు.

"ఆళ్ళ మజ్జిగ పుల్లగా ఉంటయ్యంటగా? ఏం చెప్పి పంపాడేంది?" అని పడమర ఆసామి నవ్వేవాడు.

తిప్ప మీది రాయి ఒకటి హైదరాబాదు తీసుకుపోయి పాలిష్ పట్టించి, సంచిలో పెట్టుకుని తెచ్చి తూర్పు పెద్దాయన ముందు పెట్టాను. ఆయన వంగి చూశాడు. గోటితో గీకాడు. వాసన చూశాడు.

"ఇది మా రాయి కాదు."

"మీ తిప్పదేనండీ."

"మా రాయికి ఇంత మెరుపు ఏడనుంచి వచ్చుద్ది? నూనె పూసుకొచ్చావు."

అదే రాయిని పడమర బజారుకు తీసుకెళ్తే ఆసామి చెంబెడు నీళ్ళు తెప్పించి దాని మీద కుమ్మరించాడు, పంచె కొంగుతో రుద్దాడు. మెరుపు పోలేదు. అయినా తల అడ్డంగా ఊపాడు. "బాగానే ఉంది. ఇది వేరే రాయి అయ్యుంటది."

చివరికి ఇద్దరూ వేరు వేరుగా, ఒకరికి తెలియకుండా ఒకరు, తలా ఒక బండ ఏరి, వెనక ఉలితో గుర్తు పెట్టుకుని నాకిచ్చారు. రెండూ మోసుకుపోయి పాలిష్ చేయించి తెచ్చాను. ఇద్దరూ బండ తిరగేసి గుర్తు చూసుకున్నారు. అప్పుడు మెత్తబడ్డారు. రాయిని నమ్మారు, నన్ను కాదు.

ఏడాది పైన తిరిగాను. ఇద్దరూ కలిసి ఒక్క మిషను, ఒక్క షెడ్డు, వచ్చినదాంట్లో సగం సగం, హద్దు గొడవ మాత్రం కోర్టులోనే ఉంటుంది. ఇదీ ఒప్పందం. సంతకాలకు ఎవరింటికి ఎవరూ రామన్నారు. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసే చోటు వాయిదాల రోజున గురజాల కోర్టు ఒకటే. అందుకని కోర్టు ఆవరణలోనే వేపచెట్టు కింద సంతకాలు చేయించాను. ఇద్దరి ప్లీడర్లూ దూరంగా నిలబడి మా వంక దిగులుగా చూశారు.

మిషను కొనే పని ఆఫీసుది. పై ఆఫీసరు తనే హైదరాబాదు వెళ్ళి ఒక డీలరు దగ్గర చూసి వచ్చాడు. "బంగారంలాంటి మిషను. కొత్తది. నువ్వు కష్టపడి ఒప్పించావు, మిషను సంగతి నాకొదిలెయ్" అని నా భుజం తట్టాడు. లారీ వచ్చి తిప్ప దగ్గర దింపింది. పచ్చరంగు వేసి కళకళలాడుతోంది. షెడ్డు తలుపుకు రెండు తాళాలు వేశారు, తూర్పు వాళ్ళదొకటి, పడమర వాళ్ళదొకటి. ఇద్దరూ వస్తే తప్ప తలుపు తెరుచుకోదు. ఆ తాళాలు చూసి నేను నవ్వుకున్నాను.

మిషను ఆడించే రోజు నా పై ఆఫీసరు రాలేదు. జ్వరమని కబురు పంపాడు. నేను ఒక్కణ్ణే బస్సు దిగి వెళ్ళాను. షెడ్డుకు అటు పక్క తూర్పు బజారు మగవాళ్ళు, ఇటు పక్క పడమర బజారు మగవాళ్ళు కూర్చున్నారు. మధ్యలో ఒక్క మనిషి లేడు. కొబ్బరికాయ ఎవరు కొట్టాలన్న దగ్గర కాసేపు ఆగింది. రెండు కాయలు తెప్పించి ఇద్దరి చేతా ఒకేసారి కొట్టించాను. రెండు కాయలూ సమానంగా పగిలాయో లేదోనని కూడా కొందరు వంగి చూశారు.

స్విచ్చి నన్ను వెయ్యమన్నారు. వేశాను. మోటారు అందుకుంది, పాలిష్ చక్రం తిరిగింది, బండ మీద నీళ్ళు పడుతుంటే బూడిద రంగు బురద జారిపోయి, దాని కింద నల్లటి నీలం నిగనిగలాడుతూ బయటపడింది. అటు పక్కా ఇటు పక్కా ఒకేసారి "ఆహా" అన్నారు. నాకు ఒళ్ళు పులకరించింది.

బండ సగం కూడా కాలేదు. గేరుబాక్సులో ఏదో నలిగిన చప్పుడు. తర్వాత కాలిన వాసన. చక్రం గీరుకుంటూ ఆగిపోయింది. స్విచ్చి కట్టేశాను. గేరుబాక్సు పగిలి జిడ్డు కారుతోంది.

తూర్పు బజారు మనిషొకడు లోపలికొచ్చి ఆ జిడ్డులో వేలు పెట్టి, బొటనవేలితో నలిపి చూశాడు.

"ఇసక! గ్రీజులో ఇసక పోశారు!"

"ఎవడ్రా పోసింది? నోరు కాస్త చూసుకుని మాట్టాడు!"

"మీ ఇంటావంటా అదేగా!"

కూర్చున్నవాళ్ళంతా లేచారు. ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు, అంతకు ముందు ఖాళీగా ఉన్న చేతుల్లోకి గడ్డపారలు వచ్చాయి. తూర్పు పెద్దాయన వెనక్కి తిరిగి చూసుకోవడం మానేశాడు. పడమర ఆసామి నవ్వడం మానేశాడు. తలుపుకు రెండు తాళాలు ఉన్నాయి కదా, ఒకళ్ళు లేకుండా ఒకళ్ళు లోపలికెలా వస్తారని అరిచాను. ఎవరూ వినలేదు. ఏం చెయ్యాలో తోచక మిషను మీదికి వంగాను. పగిలిన అంచు దగ్గర పచ్చరంగు పెచ్చులూడింది. దాని కింద ఎరుపు. ఎరుపు కింద నీలం. పగులు వెంటే ఒక పాత వెల్డింగు గీత, దాన్ని అరగదీసి పైన రంగు కొట్టారు.

"అది ఇసక కాదు, నలిగిన గేరు రజను! దీన్ని ఎవరూ చెడగొట్టలేదు!" అని గొంతు చించుకున్నాను. "ఇది పాత మిషను! ఇంతకు ముందే ఒకసారి పగిలి అతుకు పెట్టిన మిషను! వచ్చి చూడండి!"

ఇద్దరు పెద్దలూ వచ్చారు. చెరో పక్కన వంగి, రంగు మీద రంగు మీద రంగు చూశారు. అంత దగ్గరగా వాళ్ళ తలలు ఆనాటిదాకా ఎన్నడూ చేరి ఉండవు. లేచి నిలబడి, ఒకరినొకరు చూసుకోలేదు. ఇద్దరూ నన్ను చూశారు.

"కొత్తదని చెప్పిందెవరు?" అన్నాడు పడమర ఆసామి.

"మా ఆఫీసు."

"ఆపీసంటే గోడలా?"

నేను వంగి, ఊడిన రంగు పెచ్చు ఒకటి ఏరుకున్నాను. పేరు చెబితే ఆ మనిషి గతి ఏమవుతుందో, ఆ చేతుల్లోని గడ్డపారలు చూశాక నాకు తెలుసు. అదీగాక ఆయన్నీ డీలరు మోసం చేసి ఉంటాడనే అప్పటికి నా నమ్మకం.

తూర్పు పెద్దాయన తీరిగ్గా తలపాగా సర్దుకున్నాడు. "సరే. మంచి మిషను వచ్చేదాకా ఆపీసరు గారు మన ఊళ్ళోనే ఉంటారు."

"ఉంటారు, ఉంటారు. మర్యాదలకేం లోటు చెయ్యం" అన్నాడు పడమర ఆసామి.

ఆ ఊళ్ళో ఆ రెండు బజార్లూ కలిసి చేసిన మొట్టమొదటి పని నన్ను పట్టి ఉంచడం.

ఏ బజారులో ఉంచాలన్నది మళ్ళీ పేచీ. చివరికి పోస్టు మాస్టారింట్లో ఉంచారు. ఉత్తరాలు రెండు బజార్లకూ కావాలి కాబట్టి ఆయన ఎవరి మనిషీ కాదు. మాస్టారు నోరెత్తని మనిషి. ఆ లోటు ఆయన భార్య తీర్చేది. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నిజంగా డబ్బులేమన్నా తిన్నావా తమ్ముడూ? తింటే ఇప్పుడే చెప్పు, నేనెవరికీ చెప్పనులే" అంది. లేదన్నాను. "అందరూ అట్టాగే అంటారు" అని చాప పరిచింది.

అరుగు మీద ఇద్దరు కాపలా. తూర్పు మనిషొకడు, పడమర మనిషొకడు. నన్ను చూడటం కంటే ఒకరినొకరు చూసుకోవడమే వాళ్ళకు పెద్ద పని. రెండు పూటలా రెండు బజార్ల నుంచీ రెండు క్యారేజీలు వచ్చేవి. ఒకదాంట్లో ఎక్కువ తిని ఇంకోదాంట్లో తక్కువ తింటే అది ఊరంతా పాకేది. అందుకని రెండూ సమానంగా తిని, మధ్యాహ్నమంతా కదలలేక పడి ఉండేవాణ్ణి.

ఒకరోజు పొద్దున ధైర్యం చేసి బస్సు స్టాపు వైపు నడిచాను. నన్నెవరూ ఆపలేదు. కాపలావాళ్ళిద్దరూ లేచి, తువ్వాళ్ళు భుజాన వేసుకుని, నాతో పాటే నడిచారు. మాచర్ల వైపు నుంచి బస్సు వచ్చింది. నేను చెయ్యెత్తాను. డ్రైవరు నన్ను చూశాడు, నా రెండు పక్కలా ఉన్నవాళ్ళను చూశాడు, బస్సు ఆపకుండా వెళ్ళిపోయాడు.

తిరిగి వచ్చాక మాస్టారి భార్య మంచినీళ్ళిచ్చింది. "కాపలా పెట్టారని బాధపడబాక. ఆ ఇద్దరూ అట్టా కూర్చున్నారు గనకే ఊళ్ళో ఇయ్యాల ఎవరి తలా పగల్లేదు. ఇంతకీ ఆ మిషను పట్నం పోయి చూసొచ్చిందెవరు? నువ్వేనా?"

"ఆఫీసు వాళ్ళండీ."

"నువ్వు చూశావా అంటున్నా."

"లేదు."

"మరి చూసినోడు ఎందుకు రాలా?"

ఆ మాట నా చెవిలో పడ్డాక మరి బయటికి పోలేదు. మాస్టారు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపిన నా కబురు ఆఫీసుకు ఎప్పుడో చేరింది. అయినా ఎవరూ రాలేదు. ఆడించే రోజున ఆయనకు జ్వరం. అంతకు ముందు రోజు సాయంత్రం మిరపకాయ బజ్జీలు నాతో కలిసి తిన్న మనిషికి తెల్లారేసరికి మంచం పట్టే జ్వరం. మిషను లారీ దిగేటప్పుడు కూడా ఆయన రాలేదు. "సంగతి నాకొదిలెయ్" అన్న మాట గుర్తొచ్చి, ఛీ, అన్నం పెట్టిన మనిషి మీద ఇలాంటి ఆలోచనలేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే మళ్ళీ మొదటి నుంచి ఆలోచించాను. ఆ ఊరి నీళ్ళు పడ్డాయేమో, అనుమానం అబ్బింది.

కాపలావాళ్ళు మాత్రం మారుతున్నారు. పడమర వాడి దగ్గర అగ్గిపెట్టె ఉండేది కాదు. మొదట్లో బీడీ నోట్లో పెట్టుకుని మాస్టారింట్లో నిప్పు అడిగేవాడు. తర్వాతెప్పుడో తూర్పు వాడు ఏమీ మాట్లాడకుండా తన అగ్గిపెట్టె అరుగు మధ్యలో పెట్టి, ముఖం అటు తిప్పుకున్నాడు. ఇంకొన్నాళ్ళకు అరుగు మీద సుద్దతో గీతలు గీసి పులీ మేకా ఆడటం మొదలుపెట్టారు. ఆటలో కూడా దొంగాట అని గొడవే. తీర్పు నన్ను చెప్పమనేవాళ్ళు. నేను చెప్పిన తీర్పు ఇద్దరూ ఒప్పుకునేవాళ్ళు కాదు.

చివరికి ఒక మధ్యాహ్నం ఆఫీసు జీపు వచ్చింది. నా పై ఆఫీసరు దిగాడు. వెంట డీలరు పంపిన ఫిట్టరు. తెలంగాణ మనిషి, చేతిలో పానాల పెట్టె. మా ఆఫీసరు నన్ను కౌగిలించుకున్నంత పని చేశాడు. "ఎంత కంగారుపడ్డానో తెలుసా? చిన్న రిపేరు. సాయంత్రానికి మనం నరసరావుపేటలో ఉంటాం" అన్నాడు. విభూది చెమటకు తడిసి కారుతోంది.

రెండు తాళాలూ తీశారు. పెద్దలిద్దరూ గుమ్మం దగ్గరే నిలబడ్డారు. మేం ముగ్గురం లోపలికి వెళ్ళాం. పగులు ఎక్కడుందో నేను చూపించక ముందే ఫిట్టరు తిన్నగా అక్కడికే వెళ్ళి కూర్చున్నాడు. అతుకు మీద వేలితో రాసి, నా పై ఆఫీసరు వైపు తిరిగి మెల్లగా అన్నాడు.

"సాబ్, ఇది పాతదని వీళ్ళకు ఎరికే గద? మీరే చెప్తనంటిరి గద."

నేను విన్నానా లేదా అని ఆయన నా ముఖం చూశాడు. విన్నానని ఆయనకు అర్థమైంది. నన్ను మోటారు వెనక్కి లాగాడు.

"చూడు, ఇది నా ఒక్కడి పని కాదు. పైన కూడా ఉన్నారు. తర్వాత అన్నీ చెబుతాను."

"మీరు హైదరాబాదులో చూసింది దీన్నేనా?"

"ఇప్పుడు కాదు. ఇక్కడ నోరు జారావంటే నేను బతికి బయటపడను. నీకూ తెలుసు."

తెలుసు. గుమ్మంలో ఉన్నవాళ్ళకు ఒక్క మాట చెబితే చాలు. చెప్పకుండా ఆయనతో జీపెక్కితే, ఆ మిషను అలాగే తుప్పు పడుతుంది. ఆ తిప్ప మళ్ళీ గడ్డపారల పాలవుతుంది. నేను వాటా తిన్న ఆఫీసరుగా ఆ ఊళ్ళో మిగిలిపోతాను. రెండూ నావల్ల కాలేదు. గోంగూర పచ్చడి సగం తీసిపెట్టిన చెయ్యి నా మోచేతిని పట్టుకుని వదలడం లేదు. కోపం కంటే ముందు నాకు ఏడుపొచ్చింది. అది దిగమింగుకున్నాక, ఒక్కసారిగా చాలా మామూలు ఆలోచన ఒకటి తట్టింది.

గుమ్మం దగ్గరికి వెళ్ళి గట్టిగా చెప్పాను. "ఇది రిపేరుకు లొంగదండీ. కొత్త గేరుబాక్సు, కొత్త మోటారు రావాలి. నేను ఈ ఫిట్టరును తీసుకుని హైదరాబాదు వెళ్ళి తెస్తాను. నేను తిరిగొచ్చేదాకా మా పై ఆఫీసరు గారు మీ దగ్గరే ఉంటారు. నాకంటే పెద్ద అధికారి. నాకంటే గట్టి పూచీ."

వెనక నుంచి ఆయన, "నేనా? నాకు బీపీ ఉంది" అన్నాడు.

"ఉప్పు తగ్గించి వండిస్తాం" అన్నాడు తూర్పు పెద్దాయన వెంటనే.

"దాచేపల్లి నుంచి డాకటేరును కూడా పిలిపిస్తాం" అన్నాడు పడమర ఆసామి.

"సోమవారం ఉపవాసం..."

"పళ్ళు తెప్పిస్తాం."

వాళ్ళిద్దరూ ఒకరి మాటకు ఒకరు అందిస్తూ మాట్లాడటం ఆ ఊళ్ళో ఎవరూ అంతకు ముందు విని ఉండరు. కాపలావాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆయన నా వైపు చూసిన చూపు మాత్రం వర్ణించను. అదే జీపులో నేనూ ఫిట్టరూ బయలుదేరాం.

హైదరాబాదులో డీలరు మొదట కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయన్నాడు. తర్వాత నెల రోజులు ఆగమన్నాడు. నేను గొడవ పడలేదు. "మా సారు ఆ ఊళ్ళోనే ఉన్నారండీ. చాలా మర్యాదగా చూసుకుంటున్నారు. మోటారు ఆలస్యమైతే మీకు కూడా మర్యాద చెయ్యడానికి రెండు బజార్ల వాళ్ళూ లారీ కట్టుకుని వస్తామన్నారు" అన్నాను. డీలరు ఫిట్టరు వైపు చూశాడు.

ఫిట్టరు చెవి గోక్కున్నాడు. "నిజమే సేట్. వాళ్ళు అరుస్తలేరు, తిడుతలేరు. సప్పుడు చేయక చూస్తున్నరు. నాకైతే మళ్ళ ఆ ఊరికి ఖాళీ చేతులతోని పోబుద్ధైతలేదు."

కొత్త మోటారు, కొత్త గేరుబాక్సు పెట్టెలు విప్పించి, నా కళ్ళతో చూసి, ఎక్కడన్నా రంగు కింద రంగు ఉందేమోనని గోటితో గీకాను. గీకుతుంటే తూర్పు పెద్దాయన గుర్తొచ్చి నాకే నవ్వొచ్చింది. లారీలో వాటి పక్కనే నేనూ ఫిట్టరూ కూర్చుని, కృష్ణ దాటి వచ్చాం.

నేను దిగేసరికి నా పై ఆఫీసరు పోస్టు మాస్టారి అరుగు మీద కాపలావాళ్ళ మధ్య కూర్చుని ఉన్నాడు. కాస్త చిక్కాడు. మిషను బిగించి ఆడించాం. ఈసారి బండ చివరిదాకా నల్లగా మెరుస్తూ వచ్చింది. ఎవరూ "ఆహా" అనలేదు. ఇంకో బండ పెట్టమన్నారు. ఆ తర్వాత ఇంకోటి. పొద్దుగూకేదాకా వరసగా ఆడించి చూసి, అప్పుడు మమ్మల్ని వదిలారు.

నరసరావుపేటలో దిగి ఆయన తిన్నగా ఇంటికి పోయాడు. నేను గుంటూరు వెళ్ళి ఇంకా పైవాళ్ళకు జరిగింది చెప్పాను. "మిషను నడుస్తోందిగా, మరింకేం?" అని నవ్వేశారు. పైన కూడా ఉన్నారని ఆయన అన్నది నిజమో, నన్ను ఆపడానికి అన్నాడో, ఆ నవ్వులు చూసి కూడా తేల్చుకోలేకపోయాను. కొన్నాళ్ళకు ఆయనే బదిలీ అడిగి వెళ్ళిపోయాడు. పిల్లలూ, ఇలాంటి కథల్లో దోషికి శిక్ష పడాలని మీకు ఉంటుంది. నాకూ ఉండేది.

ఆ రెండు బజార్లూ ఒక్కటైపోయాయని కూడా చెప్పను. షెడ్డుకు రెండు తాళాలు అలాగే ఉన్నాయి. హద్దు కేసు నడుస్తూనే ఉంది. కానీ తిప్ప మీద మళ్ళీ కర్రలు లేవలేదు. నేను అక్కడ ఉద్యోగం చేసినన్నాళ్ళూ మిషను ఆగలేదు. ఆ పక్క ఊళ్ళ నుంచి వచ్చి చూసి పోయినవాళ్ళు మరో రెండు మిషన్లు పెట్టారు.

మొదటి పెద్ద లోడు విజయవాడ వెళ్ళే రోజు నన్ను పిలిచారు. లారీకి తాళ్ళు బిగిస్తుంటే తూర్పు పెద్దాయన నా పక్కకొచ్చి నిలబడి, అలవాటుగా ఒకసారి వెనక్కి చూసుకుని అన్నాడు.

"ఆ విభూది బొట్టు ఆయనేగా మిషను చూసొచ్చింది?"

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"నిన్ను ఉంచిన మర్నాడే. పడమర ఆయన మడిసిని పంపి హైదరాబాదులో కనుక్కున్నాడు. నేను కూడా పంపా. ఇద్దరు మడుసులూ ఒకే బస్సులో పోయారంట, ఎరగనట్టు."

"తెలిసి కూడా ఆయన్ని ఏమీ అనలేదే?"

"అని? కొడితే మిషను వచ్చుద్దా? కేసు వచ్చుద్ది. కేసులు మాకు ఉన్నయ్యిగా."

"మరి నేను కాదని తెలిశాక నన్నెందుకు వదల్లేదు?"

"నువ్వు ఆయన వైపో, మా వైపో చూద్దామని."

లారీ కదిలింది. దాని వెనక లేచిన దుమ్ములో పడమర ఆసామి ఎవరి మీదో నవ్వుతూ కేకలేస్తున్నాడు. నేను అడగకుండా ఉండలేకపోయాను.

"అయితే ఇప్పుడన్నా నన్ను నమ్మారా?"

పెద్దాయన తలపాగా విప్పి దుమ్ము దులుపుకున్నాడు.

"నా సగం నేను నమ్మా. ఆయన సగం ఆయన్నే అడుగు."